ఇద్దరు కూర్చునే చోటుతోనే మొదలుపెట్టాలి

పూల ప్రదర్శనల్లో పోటీకి వేసే చిన్న మొక్కల మడుల్ని షో బోర్డర్లంటారు. పక్కన 'కలయిక', 'మననం' అని ఇతివృత్తం పేరుతో బోర్డు పెట్టి, మడి నిండా మొక్కలు కిక్కిరిసేలా నింపిన చిన్న షో బోర్డర్లను చూస్తే నాకు బాధ వేస్తుంది. ప్రదర్శన జరిగేది కొద్ది రోజులే కాబట్టి ఖాళీ మట్టి కనిపించకూడదన్న ఆత్రం ఉంటుంది, నిజమే. కానీ ఇద్దరు కూర్చోవడానికి చోటే లేని తోట మనుషుల్ని ఎలా కలుపుతుంది?

1913 నుంచి లండన్‌లోని రాయల్ హాస్పిటల్ ఆవరణలో జరుగుతున్న చెల్సీ పూల ప్రదర్శనలో, 2023లో ఉత్తమ షో గార్డెన్‌గా నిలిచింది హొరేషియోస్ గార్డెన్. వెన్నుపాము దెబ్బతిన్న రోగుల కోసం షార్లెట్ హారిస్, హ్యూగో బగ్ రూపొందించిన తోట అది. చక్రాల కుర్చీ, ఆసుపత్రి మంచం కుదుపు లేకుండా సాగిపోయేలా దారి వేశారు. మంచం మీద పడుకున్న మనిషికి ఏం కనిపిస్తుందో కూడా ఆలోచించారు. ఎవరు చూస్తారు, ఎంత ఎత్తు నుంచి చూస్తారు అన్న ప్రశ్న చిన్న బోర్డర్‌కు ఇంకా ముఖ్యం. అక్కడ ప్రతి అడుగూ లెక్కే.

మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న స్థలం అనుకుందాం. అందులో కూర్చునే బల్లను ఎలా వేస్తామన్నదే సగం డిజైన్. 1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సోమర్ కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ఆసుపత్రి భోజనశాలను గమనించారు. ఎదురెదురుగా, పక్కపక్కన కూర్చున్నవారికంటే భోజనం బల్ల మూలకు అటూ ఇటూ కూర్చున్నవారే ఎక్కువగా మాట్లాడుకున్నారు. అందుకే నేనైతే ఎల్ ఆకారపు బల్లే వేయమంటాను. చూపు కలపాలనిపిస్తే కలపవచ్చు, లేదంటే ఇద్దరూ మొక్కల వైపు చూస్తూ ఉండవచ్చు. ఇంటి ముందు అరుగు చేసేదీ ఇదే: ఎదురుగా వీధి ఉంటుంది కాబట్టి మాట ఆగిపోయినా ఇబ్బంది ఉండదు.

మొక్కలు ఆ తర్వాతి సంగతి. ఇంగ్లండ్‌కు చెందిన తోటల రూపకర్త గెర్‌ట్రూడ్ జెకిల్ తన ఇల్లు మన్‌స్టెడ్ వుడ్‌లో వేసిన 200 అడుగుల బోర్డర్‌లో రంగులు చల్లగా మొదలై ఎరుపు, నారింజల దాకా వేడెక్కి మళ్లీ చల్లబడేవి. ఆ ప్రయాణానికి నడిచేంత పొడవు కావాలి. చిన్నచోట దాన్ని ఇరికిస్తే గందరగోళమే మిగులుతుంది. నాలుగైదు రకాలు చాలు, వాటినే మళ్లీ మళ్లీ నాటాలి. వెర్బెనా బొనారియెన్సిస్ లాంటి సన్నని పొడవాటి కాడల మొక్కను బల్లకు ముందు పెడితే, పల్చటి తెరలా మరుగునిస్తూనే అవతలి మనుషుల్ని కనిపించనిస్తుంది. చేతికందే దూరంలో లావెండర్ ఉండాలి. ముదురు రంగు తొట్టిలో కదలని నీళ్లు పోస్తే, లోతు తక్కువైనా ఆకాశం స్పష్టంగా కనిపిస్తుంది. మననానికి అంతకంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు.

1984లో పరిశోధకుడు రోజర్ అల్‌రిచ్ ప్రచురించిన అధ్యయనాన్ని ఇలాంటి సందర్భాల్లో తరచూ ఉదహరిస్తారు. పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రోగుల్లో, కిటికీలోంచి చెట్లు కనిపించినవారు ఇటుక గోడ కనిపించినవారికంటే త్వరగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. అది రోజుల తరబడి చూసిన చెట్ల ప్రభావం. సందర్శకుడు రెండు నిమిషాలు చూసి వెళ్లే బోర్డర్‌కు ఆ ఫలితాన్ని అంటగట్టడం సరికాదు.

అందుకే ప్రదర్శన ముగిశాక ఆ తోట ఎక్కడికి వెళుతుందన్నది నాకు అంత ముఖ్యం. హొరేషియోస్ గార్డెన్ షెఫీల్డ్‌లోని వెన్నుపాము గాయాల కేంద్రానికి చేరింది. చిన్న బోర్డర్‌ను తరలించడం ఇంకా తేలిక, ఖర్చూ తక్కువ. ఏ బడి ఆవరణకో, ఏ వృద్ధాశ్రమానికో అది చేరుతుందన్న వివరాన్ని నిర్వాహకులు దరఖాస్తులోనే అడగాలి, న్యాయనిర్ణేతలు దానికి మార్కులు వేయాలి.