దారిలోనే ఉన్నా సార్

మా బాత్రూమ్ పని మొదలై నలభై రోజులు దాటింది. ఈ నలభై రోజుల్లో నాకు అబ్బిన కంప్యూటర్ విద్య, అమీర్‌పేటలో ఫీజు కట్టి మూడు నెలలు కూర్చున్నా అబ్బలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

వెబ్‌పేజీలను ఆడించే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారుచేశాడు. మా బాత్రూమ్ కూడా పది రోజులే అన్నారు. ఆ భాషది ఒంటిచేతి సంసారం. అన్నీ ఒక్కరే చూసుకోవాలి కాబట్టి దేని కోసమూ గుమ్మంలో నిలబడదు. సర్వర్ నుంచి జవాబు రావాలా? ‘అయ్యాక ఫోన్ చెయ్యి’ అని నంబరిచ్చి ఇంకో పనిలో పడుతుంది. అదే కాల్‌బ్యాక్. 2009లో ఆ భాషను సర్వర్ల మీద నడిపించే నోడ్ వచ్చాక సర్వర్లు నడిపేవాళ్లూ ఇదే దారి పట్టారు.

ప్లంబర్ అయ్యాక టైల్స్ అతను, అతనయ్యాక ఎలక్ట్రీషియన్, ఆ తర్వాత పెయింటర్. ఒకడి కడుపులో ఇంకొకడు. ఇదే కోడ్‌లో రాస్తే లైన్లు కుడివైపు జరిగి జరిగి స్క్రీన్ అంచు తాకుతాయి. ప్రోగ్రామర్లు దానికి ‘కాల్‌బ్యాక్ నరకం’ అని పేరు పెట్టారు. చూడ్డానికి బాగోదనే వాళ్ల బాధ అనుకునేవాణ్ణి. కాదండీ. ఫోన్ చేయాల్సింది వాళ్లు. చేస్తే చేస్తారు, లేకపోతే లేదు. లేదా రెండుసార్లు చేస్తారు. ఒకే పైపు బిగించామని మాకు ఇద్దరు ఫోన్ చేశారు, ఇద్దరికీ డబ్బులు పంపాను.

తప్పు జరిగితే చెప్పడానికి నోడ్‌లో ఒక మర్యాద ఉంది. కాల్‌బ్యాక్‌లో మొదటి చోటు తప్పుకే, ఫలితం ఆ తర్వాతే. మా ప్లంబర్ మొదటి మాట ‘టిఫిన్ అయిందా సార్’. కింది ఫ్లాట్ సీలింగ్ కారుతోందన్నది నాలుగో మాట.

ఇందుకే మేస్త్రీ అనేవాడు పుట్టాడు. 2010లో వచ్చిన ‘అసింక్’ లైబ్రరీ, అంటే ఎవరైనా తెచ్చి వాడుకోగల రెడీమేడ్ కోడ్ మూట, అచ్చంగా మేస్త్రీయే. వీళ్లను వరసగా పంపు, వాళ్లను ఒకేసారి పంపు, వీడి కొలతలు తీసుకెళ్లి వాడికివ్వు, బాత్రూమ్‌లో ఒకేసారి ఇద్దరికి మించి దూరనివ్వకు. ఎవడు చెడగొట్టినా కబురు ఒక్కచోటికే వస్తుంది. తిట్టడానికి ఒక్క మొహం దొరకడం చిన్న సుఖమా!

తర్వాత 2015లో భాషలోకే ప్రామిస్ వచ్చింది, అంటే ఫలితం తర్వాత ఇస్తానని ఇప్పుడే ఇచ్చే మాట. పెండింగ్‌లో ఉంటుంది, నెరవేరుతుంది, లేదా తప్పుతుంది. ఒకసారి తేలాక మళ్లీ మారదు. ఈ నిబంధన రాసిన పెద్దలు హైదరాబాద్‌లో ఇల్లు బాగుచేయించుకుని ఉండరు. ‘దారిలోనే ఉన్నా సార్, పంజాగుట్ట దాటుతున్నా’ అంటుంటే వెనక టీవీ సీరియల్ అత్తగారి అరుపులు వినబడే ఊరు మాది.

2017లో ప్రామిస్ తేలేదాకా ఆగి తర్వాతి లైనుకు వెళ్లే ‘అవైట్’ కూడా వచ్చింది కదా, ఇంకా లైబ్రరీలెందుకు అని అడిగేవాళ్లున్నారు. మా మామయ్యా అంతే, ‘వాట్సాప్ ఉండగా మేస్త్రీ ఎందుకురా’ అన్నారు. ప్రామిస్‌లన్నిటినీ ఒక మూటగా కట్టే పద్ధతి ఒకటి భాషలోనే ఉంది. ఒక్కటి తప్పినా మూట మొత్తం తప్పినట్టే, కానీ మిగతావాళ్ల పని మాత్రం ఆగదు. టైల్స్ అతను ఎగ్గొట్టాడని మాకు తెలిసిన రోజే పెయింటర్ వచ్చి, టైల్స్ అంటించాల్సిన గోడకు లేత నీలం రంగు వేసి వెళ్లాడు. శ్రద్ధగా, రెండు కోట్లు. ఒకేసారి ఎంతమంది, రాకపోతే ఎన్నిసార్లు పిలవాలి, ఎంతసేపు చూసి వదిలేయాలి అన్నవి ఆ మూటలో ఉండవు. వాటికి మళ్లీ మేస్త్రీ కావాల్సిందే.

ప్రస్తుతం పక్క ఫ్లాట్‌లో స్నానాలు చేస్తున్నాం. నిన్న టవల్, మగ్గు పట్టుకుని బయటికొస్తుంటే ఆంటీ నవ్వుతూనే అడిగారు, ‘ఇంకెన్నాళ్లు బాబూ?’

‘ఎల్లుండికి అయిపోతుందాంటీ’ అన్నాను.