జయ-విజయ సంగతి ఏదండీ?

మాజీ ప్రధాని పీవీ నరసింహారావు గారి మీద మీరు వేసిన వ్యాసం బాగుంది కానీ, 1991 ఆర్థిక సంస్కరణలకు అన్ని పేరాలు రాసి, వరంగల్ రోజులను ఒక్క వాక్యంతో దాటేశారు. 1938లో నిజాం పాలనలో విద్యార్థులు చేసిన వందేమాతరం ఉద్యమంలో చదువు ఆగితే నాగపూర్ వెళ్లాల్సి వచ్చింది ఆయన. తర్వాత పాములపర్తి సదాశివరావు గారితో కలిసి ఇక్కడే, మా వరంగల్‌లో 'కాకతీయ పత్రిక' నడిపారు, ఇద్దరూ జయ-విజయ పేరుతో రాసేవాళ్లు. మా తాత ట్రంకు పెట్టెలో దాని పాత కాపీ ఒకటి ఉండేది. మడత దగ్గర చిరిగితే మా నానమ్మ అన్నం మెతుకులతో అతికించింది. చెదలు పట్టి పోయింది, ఇప్పటికీ బాధే. 1957లో మంథని ఎమ్మెల్యే అయింది ఆ కలం పట్టిన మనిషే కదా! మరి 1984 లోక్‌సభ ఎన్నికల్లో హన్మకొండలో ఆయన్ను మా ఓటర్లమే ఓడించామనుకోండి, అది వేరే కథ.