డి వలేరా అమెరికాలో పుట్టాడు కాబట్టే బతికాడా? కాదు, జరిగింది వేరు

ఐర్లండ్ నాయకుడు ఏమన్ డి వలేరా గురించి ఒక మెసేజ్ ఎప్పట్నుంచో తిరుగుతోంది, గ్రూప్స్‌కి ప్రిపేర్ అయ్యేవాళ్ళు కూడా నోట్స్‌లో రాసేసుకుంటున్నారు. అందులో ఉన్నది ఇది: 1916లో బ్రిటిష్ పాలన మీద డబ్లిన్‌లో జరిగిన తిరుగుబాటులో పట్టుబడ్డ వాళ్ళందర్నీ ఉరి తీశారు, ఈయనొక్కడ్నీ అమెరికా పౌరుడని వదిలేశారు, తర్వాత మైకేల్ కాలిన్స్‌ని చంపించి గద్దెనెక్కాడు, హిట్లర్ పోతే సంతాపం చెప్పిన నాజీ, మన రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాలు కూడా ఈయన రాసిచ్చినవే. మధ్యమధ్యలో నిజం ముక్కలున్నాయి, అందుకే జనం నమ్మేస్తున్నారు, నాకు బాధ కూడా అందుకే.

ముందు ఆ ఉరి మాట. డబ్లిన్‌లో ఎవర్నీ ఉరి తీయలేదు, కాల్చి చంపారు. 1916 మే 3 నుంచి 12 లోపు కిల్మైన్‌హమ్ జైల్లో 14 మందిని, కార్క్‌లో ఒకర్ని. ఉరి తీసింది మరో తిరుగుబాటు నాయకుడు రోజర్ కేస్‌మెంట్ ఒక్కడినే, అదీ ఆగస్టులో లండన్‌లో. అందర్నీ చంపారన్నదీ తప్పే, మరణశిక్ష పడింది దాదాపు 90 మందికి, అందులో 75 మంది దాకా శిక్ష తగ్గి బతికారు, వాళ్ళంతా అమెరికావాళ్ళా?

ఈయన 1882లో న్యూయార్క్‌లో పుట్టిన మాట నిజమే. తండ్రిది స్పానిష్ మూలం, తల్లి లిమరిక్ జిల్లా బ్రూరీ ఊరి ఆడపడుచు. రెండున్నరేళ్ళ పిల్లాడ్ని మేనమామ వెంట ఐర్లండ్ పంపేస్తే అమ్మమ్మ ఇంట్లో పెరిగాడు, చదువుకుని లెక్కల మాస్టారయ్యాడు. అరెస్టయ్యాక భార్య షినేడ్ అమెరికన్ కాన్సుల్‌ని కలిసిందన్నది కూడా నిజం, దాన్ని నేను దాచను. కానీ అమెరికా పౌరసత్వమే ప్రాణం కాపాడేదైతే టామ్ క్లార్క్ ఎందుకు చచ్చిపోయాడు? క్లార్క్ పద్ధతి ప్రకారం అమెరికా పౌరసత్వం తీసుకున్నవాడు, 1905 నుంచీ పౌరుడు, అయినా మే 3న మొట్టమొదట కాల్చిన ముగ్గురిలో ఆయనొకడు. మెసేజ్‌లో ఆయన పేరే లేదు. బ్రిటిష్ జైళ్ళలో పదిహేనేళ్ళు మగ్గి, మళ్ళీ వచ్చి తిరుగుబాటు ప్రకటన మీద మొదటి సంతకం పెట్టిన మనిషిని ఇలా తుడిచేయడం అన్యాయం.

ఇంకో పేరు థామస్ యాష్. అచ్చంగా కెర్రీ జిల్లాలో పుట్టిన మనిషి, యాష్‌బోర్న్ దగ్గర పోలీసుల్ని ఓడించిన దళానికి నాయకుడు, అంటే బ్రిటిష్ వాళ్ళకి డి వలేరా కంటే ఎక్కువ నష్టం చేసినవాడు. ఇద్దరి విచారణా మే 8నే, ఇద్దరికీ మరణశిక్షే, ఇద్దరికీ యావజ్జీవంగా మారింది. యాష్‌కి ఏ అమెరికా అడ్డొచ్చింది చెప్పండి.

అడ్డొచ్చింది టైమింగ్. డి వలేరా బోలండ్స్ బేకరీ దగ్గర ఉన్న దళం కమాండర్, ఆఖర్న లొంగిపోయిన వాళ్ళలో ఒకడు, వాళ్ళని మిగతా ఖైదీలతో కాకుండా బాల్స్‌బ్రిడ్జ్‌లో విడిగా ఉంచారు, దాంతో విచారణ ఆలస్యమైంది. ఈలోపు రోజూ పొద్దున్నే కాల్పుల వార్తలు వింటూ ఐర్లండ్ జనం మనసు మారిపోయింది, తిరుగుబాటుని తిట్టినవాళ్ళే ఏడవడం మొదలెట్టారు, బ్రిటిష్ ప్రధాని ఆస్క్విత్ ఇక ఆపమని ఒత్తిడి పెట్టాడు. ప్రాసిక్యూషన్ లాయర్ వైలీ తర్వాత రాసుకున్నదాని ప్రకారం, ఈ డి వలేరా ముఖ్యమైనవాడా అని ఆ శిక్షలు ఖరారు చేసే బ్రిటిష్ జనరల్ మాక్స్‌వెల్ అడిగితే కాదు, ఓ స్కూల్ మాస్టారు అన్నాడట. ఆ తర్వాత కాల్చింది ఇద్దర్నే, తిరుగుబాటు ప్రకటన మీద సంతకాలు పెట్టిన కొనలీని, మెక్‌డెర్మట్‌ని, అదీ గాయాలతో నిలబడలేని కొనలీని కుర్చీలో కూర్చోబెట్టి. అమెరికాలో పుట్టడం తనని కాపాడి ఉండదని డి వలేరానే ముసలితనంలో చెప్పాడు, యాష్ సంగతే ఉదాహరణగా చూపించి.

కాలిన్స్ విషయానికొస్తే, 1921లో బ్రిటన్‌తో ఒప్పందం చేసుకొచ్చిన ఐరిష్ నాయకుల్లో ఆయనొకడు, దాన్ని ఒప్పుకోనివాళ్ళతో అంతర్యుద్ధం నడుస్తుండగా 1922 ఆగస్టు 22న కార్క్ జిల్లా బేల్ నా బ్లా దగ్గర మాటువేసి చంపారు, ఆ టైమ్‌లో డి వలేరా ఆ చుట్టుపక్కలే ఉన్నాడు. ఉన్నాడు కాబట్టి చంపించాడు అనేయడమే తప్పు. అప్పటికి ఒప్పంద వ్యతిరేక సైన్యం లియమ్ లించ్ చేతిలో ఉంది, డి వలేరా మాట వినే పరిస్థితి లేదు, మాటు వేసింది ఆ ప్రాంతపు దళాలు, ఆయన ఆర్డర్ ఇచ్చాడనడానికి ఆధారం లేదు. అయితే అంతర్యుద్ధంలో ఆయన తప్పేమీ లేదని మాత్రం నేననను. 64-57 ఓట్లతో ఐర్లండ్ పార్లమెంటు ఒప్పుకున్న ఒప్పందాన్ని కాదని, ఆ మార్చిలో థర్లెస్ సభలో ఐరిష్ రక్తంలోంచి నడవాల్సి వస్తుందన్నట్టు మాట్లాడాడు. ఆ బాధ్యత ఆయన్దే, దానికోసం లేని హత్య కల్పించక్కర్లేదు.

హిట్లర్ చనిపోయాక 1945 మే 2న డి వలేరా జర్మన్ రాయబారి హెంపెల్ దగ్గరికెళ్ళి సంతాపం చెప్పడం మాత్రం జరిగింది, ప్రోటోకాల్ అన్నాడు, నా దృష్టిలో పెద్ద తప్పే. కానీ నాజీ అంటే ఒప్పుకోను, ఆయన 1937 రాజ్యాంగం యూదుల సమాజాల్ని పేరు పెట్టి గుర్తించింది, 1941 ఏప్రిల్‌లో జర్మన్లు బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ మీద బాంబులేస్తే సరిహద్దు దాటించి ఫైరింజన్లు పంపాడు, తటస్థంగా ఉంటూనే వాతావరణ సమాచారం మిత్రదేశాలకి అందించింది ఆయన ప్రభుత్వమే.

ఇక ఆదేశిక సూత్రాలు. కోర్టులో అమలు చేయించుకోలేని సూత్రాలు అనే పద్ధతి ఐర్లండ్ 45వ అధికరణం నుంచి మనవాళ్ళు తీసుకున్నారు, రాజ్యసభకి 12 మందిని నామినేట్ చేసే ఆలోచన కూడా అక్కడిదే. కానీ తీసుకోవడం వేరు, ఆయన రాసివ్వడం వేరు. మన రాజ్యాంగం 40వ అధికరణంలో గ్రామ పంచాయతీలు, 47లో మద్యనిషేధం, 48లో గోసంరక్షణ, ఇవేవీ ఐర్లండ్ పుస్తకంలో దొరకవు, మన రాజ్యాంగ సభలో కూర్చుని మనవాళ్ళు వాదించుకుని పెట్టుకున్నవి. నోట్స్‌లో ఆ లైన్ కొట్టేసి ఈ మూడు నంబర్లు రాసుకోండి.