శాలువాతో సరిపెట్టొద్దు

ఆగస్టు 15, జనవరి 26 వస్తున్నాయంటే విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రశంసాపత్రాల హడావుడి మొదలవుతుంది. శాఖలవారీగా జాబితాలు తయారవుతాయి. ఉద్యోగులు వరసలో నిలబడి అధికారి చేతుల మీదుగా ఒక కాగితం అందుకుని ఫొటో దిగుతారు. వైద్య ఆరోగ్య శాఖకూ అందులో వాటా ఉంటుంది. బాగా పనిచేసినవారిని మెచ్చుకోవడాన్ని ఎవరూ కాదనరు. అయితే బస్తీల్లో కుర్రకారును పోగుచేసి, జనం ఆరోగ్యం గురించి నాలుగు పనులు నేర్పి, ఆపై పగ్గాలు వాళ్లకే అప్పగించేవారు కొందరున్నారు. వారి ఆ పని ఏ శాఖ లెక్కలోకీ రాదు కాబట్టి ఏ జాబితాలోనూ వారి పేరు ఉండదు.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగిన రోజులు ఎవరూ మరిచిపోలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి పరుగెత్తింది. డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపాల్సి వచ్చింది. నడుముల్లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు, మందులు నెత్తిన పెట్టుకుని సందుల్లోకి నడిచినవారిలో కాలేజీ పిల్లలు ఎందరో. అప్పుడు వాళ్లను ఎవరూ పిలవలేదు, వాళ్లే వచ్చారు. నీళ్లు తీశాక ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఏడాది తిరిగేసరికి, 2025 సెప్టెంబరులో, అదే వరద ప్రాంతంలోని న్యూ రాజరాజేశ్వరీపేట జనం వాంతులు, విరేచనాలతో ఆస్పత్రుల పాలయ్యారు. కారణం నీళ్లా, తిండా అన్న చర్చ రోజుల తరబడి నడిచింది.

ఆ చర్చ అంత సాగాల్సిన పని లేదు. కుళాయి చివర పట్టిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణాలు చెబుతున్నాయి. దాన్ని చూడటానికి లేబొరేటరీ అక్కర్లేదు. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టె చాలు. గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, దాన్ని పక్కనున్న రంగుల పట్టీతో సరిపోల్చుకోవాలి. రంగు రాలేదంటే క్లోరిన్ లేదన్నమాట. పైపు పగిలి మురుగు చొరబడితే ఉన్న క్లోరిన్‌ను ఆ మురుగే మింగేస్తుంది. అందుకే నిన్నటిదాకా పసుపు చూపిన కుళాయి ఇవాళ తెల్లగా ఉందంటే, వీధిలో తొలి విరేచనం కేసు రాకముందే ఏదో తేడా ఉందని అనుమానించవచ్చు. పదో తరగతి అమ్మాయి అయిదు నిమిషాల్లో చేయగల పని ఇది. వీధి చివరి కుళాయి దగ్గర రోజూ ఒక రీడింగ్ నోటుబుక్కులో రాసి ఉంటే, నీళ్ల సంగతి అరగంటలో తేలిపోయేది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, ఆ చుట్టుపక్కల అతిసారం ప్రాణాలు తీసినప్పుడూ ఆ పెట్టె పట్టుకున్న పిల్లలు వీధిలో ఉండి ఉంటే ఎంతో కొంత ముందు తెలిసేది.

డెంగీ విషయమూ అంతే. దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వారం పది రోజులు పడుతుంది. నిల్వ నీళ్లు పారబోయమని శుక్రవారం డ్రై డే పెట్టిందీ ఆ లెక్కతోనే. వారానికోసారి కూలర్లు, పూలకుండీలు, మేడ మీద పాత టైర్లు ఖాళీ చేస్తే ఆ గొలుసు తెగుతుంది. సిబ్బంది వచ్చి చెబితే తలుపు తీయని ఇల్లాలు పక్కింటి కుర్రాడు వచ్చి ‘పిన్నీ, డ్రమ్ము చూస్తానండీ’ అంటే తీస్తుంది.

ఇక్కడో తేడా గమనించాలి. ప్రపంచ ఆరోగ్య దినోత్సవం నాడు ఎండలో ప్లకార్డులు ఇచ్చి పిల్లలను బెంజ్ సర్కిల్ చుట్టూ తిప్పడం యువ నాయకత్వం కాదు. అది జనసమీకరణ. నీళ్లలో క్లోరిన్ లేదని కుళాయి రీడింగ్ రాసే అమ్మాయి ఫోన్ చేస్తే మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) విని, సాయంత్రంలోగా సమాధానం చెప్పే పరిస్థితి రావాలి. అక్కడిదాకా పిల్లలను తీసుకెళ్లడానికి ఎవరో ఒక పెద్ద మనిషి ఓపికపట్టాలి. తప్పు రీడింగ్ రాస్తే కసురుకోకుండా మళ్లీ చేయించాలి. ఆడపిల్ల సాయంత్రం బయటికి వెళ్తోందని టెన్షన్ పడే తల్లిదండ్రులకు ఇంటికెళ్లి నచ్చజెప్పాలి. కార్పొరేటర్ వచ్చినప్పుడు తాను వెనక్కి జరిగి పిల్లల చేత మాట్లాడించాలి. ఈ చివరిది అందరికీ చేతకాదు.

అలాంటివారు మన మధ్యే ఉన్నారు. క్లాసులు చెప్పుకుంటూనే వందమంది వాలంటీర్లను మోసే జాతీయ సేవా పథకం (ఎన్ఎస్ఎస్) ప్రోగ్రాం ఆఫీసర్లు, గుంటూరు, సిద్ధార్థ వైద్య కళాశాలల్లో విద్యార్థులను, వాళ్లు ఆరోగ్యం కనిపెట్టి చూడాల్సిన దత్తత కుటుంబాల గడపలు తొక్కించే కమ్యూనిటీ మెడిసిన్ అధ్యాపకులు, తన పని తాను చేసుకుంటూనే వీధిలో నలుగురు ఇంటర్ పిల్లలకు బీపీ చూడటం నేర్పే ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త). 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు ఆరోగ్య రాయబారులని పేరు పెట్టింది. పేరైతే ఉంది, వారి టైంటేబుల్‌లో దానికి ఒక్క పీరియడైనా ఉందా అన్నది ప్రధానోపాధ్యాయులను అడగాలి.

గుర్తింపు కొత్త ఆలోచనేమీ కాదు. 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన ఎన్ఎస్ఎస్, 1993-94 నుంచి వాలంటీర్లతో పాటు ప్రోగ్రాం ఆఫీసర్లకూ జాతీయ పురస్కారాలు ఇస్తోంది. కానీ ఢిల్లీదాకా వెళ్లేది ఏడాదికి కొద్దిమందే. ఇక 2022లో మన ఆశా కార్యకర్తలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం దక్కింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత కూడా జీతం కోసం, సెలవుల కోసం వాళ్లు రోడ్డెక్కక తప్పలేదు. చప్పట్లు కడుపు నింపవని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లను మేము కోరేది మరో శాలువా కాదు. పేర్లు పైనుంచి కాకుండా ఆ పిల్లల నుంచే రావాలి. ఎవరు నేర్పారో వాళ్లకే తెలుసు. ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎన్ని ఫొటోలు దిగారు అని చూడొద్దు. ఆ మనిషి బదిలీ అయి వెళ్లాక కూడా బృందం నడుస్తోందా అని చూడాలి. నడుస్తుంటే అంతకన్నా గట్టి సిఫారసు లేదు. ఎంపికైన లెక్చరర్‌కు వారానికి రెండు మూడు పీరియడ్లు తగ్గించండి. ఏఎన్ఎంకు తిరుగుడు ఖర్చులు ఇవ్వండి. బహుమతి సొమ్ము ఉంటే అది క్లోరోస్కోపులు, నీటి పరీక్ష సీసాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్ల రూపంలో ఆ బృందానికి చేరాలి. వార్డు స్థాయిలో పారిశుద్ధ్యం, తాగునీటి సమీక్ష జరిగినప్పుడు బృందం నుంచి ఇద్దరికి కుర్చీ వేయండి.

ఇందులో ప్రజాప్రతినిధుల సిఫారసులు దూరకుండా చూడటమే అన్నింటికన్నా కష్టం. దానికీ ఓ దారి ఉంది. పిల్లలు రాసిన పేర్లు, వాటి పక్కన వాళ్లు రాసిన కారణాలు వార్డు సచివాలయం గోడ మీద వారం ముందే అంటించాలి. వీధిలో జనం చదువుకుంటారు, అభ్యంతరం ఉంటే అక్కడే చెబుతారు. వచ్చే జనవరి 26 జాబితాలో ఇలాంటి పేర్లకు ఒక వరస కేటాయించడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు, కలెక్టర్ ఉత్తర్వు ఒకటి చాలు.