శ్రీ రెండు పేజీల కాగితం గారికి

బరంపురం,
గంజాం జిల్లా.

గౌరవనీయులైన 'జర్మన్ ఇంటెన్సివ్ కోర్సు విద్యార్థుల నుంచి మేము ఆశించేవి' గారికి,

నమస్కారం. కాగితాన్ని పట్టుకుని 'గారు' అంటోందేమిటని అనుకోకండి. జర్మన్‌లో నామవాచకం కనబడితే చాలు, మొదటి అక్షరం పెద్దది రాయాలని మీ రెండో పేజీలోనే ఉంది. చీపురుకీ పెద్దక్షరమే, బొద్దింకకీ పెద్దక్షరమే. తెలుగులో పెద్దక్షరాలు లేవు కాబట్టి ఆ లోటు 'గారు'తో సర్దుతున్నాను. అదే భాషలో 'మీరు' అనడానికి 'జీ' అంటారు, దానికి పెద్దక్షరం. 'నేను' అనే 'ఇష్'కి మాత్రం వాక్యం మధ్యలో ఎక్కడున్నా చిన్నక్షరమే. మనిద్దరి కాపురం ఎలా ఉండబోతోందో నాకు అక్కడే అర్థమైంది.

ఇంకో చిక్కుంది. మిమ్మల్ని అయ్యా అనాలో అమ్మా అనాలో తేలడం లేదు. కాగితం అంటే 'పాపీర్', నపుంసకం. ఆశించడం అంటే 'ఎర్‌వార్టుంగ్', చివర 'ఉంగ్' ఉంది కాబట్టి కళ్లు మూసుకుని స్త్రీలింగం. కోర్సు మాత్రం మగాడు. ఒంటి మీద మూడు లింగాలూ ఉన్నవాళ్లని ఏమని పిలవాలో మీరే చెప్పాలి. అమ్మాయి అంటే 'మేడ్‌షెన్', అదీ నపుంసకమే అని సార్ చెప్పినప్పుడు వెనక బెంచీ అబ్బాయిలు బల్లలు చరిచి నవ్వారు. చివర 'షెన్' అనే బుజ్జి తోక తగిలితే ఏదైనా నపుంసకమేనట. నేను నవ్వలేదు. మన తెలుగులో బస్సు వచ్చింది, ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది. నాన్న ఒక్కడే వచ్చాడు. ఇంకొకళ్ల భాషని చూసి నవ్వే మొహాలా మనవి?

సరే, అసలు సంగతికొస్తాను. మొదటిరోజే మిమ్మల్ని పిన్ను కొట్టి చేతిలో పెట్టారు. 'చదివి, అర్థం చేసుకుని, ఒప్పుకుంటున్నాను' అన్న చోట సంతకం చెయ్యమన్నారు. ఎనిమిది వారాల్లో ఏ2, అంటే భాషలో కింద నుంచి రెండో మెట్టు. వారానికి ఆరు రోజులు, రోజుకి ఐదు గంటలు క్లాసు. తరగతిలో ఒక గంటకి ఇంట్లో రెండు గంటలు చదువు. ఆ రాత్రి మా అమ్మ అప్పడాల లెక్కలు రాసుకునే నోటుబుక్కు తీసింది. క్లాసు 30, ఇంటి చదువు 60, రోజుకి ఏడేసి గంటల నిద్ర అనుకుంటే 49. వెరసి 139. వారానికి ఉన్నవే 168. మిగిలింది 29.

"ఇరవైతొమ్మిది గంటల్లో తిండి, స్నానం, బస్సు, నాకు అప్పడాలు ఎండబెట్టడం," అంది అమ్మ పెన్ను మూత పెడుతూ. "అయితే ఆశించడాలన్నీ మన దగ్గర్నుంచేనా? మనం ఆశించేది ఏటీ లేదేటి?"

ఏటీ లేదు. రెండు పేజీలూ తిరగేసి చూశాను. ఫ్యాన్లు తిరుగుతాయని గానీ, వినే పాఠాలకి స్పీకరు ఉంటుందని గానీ ఎక్కడా లేదు.

ఫీజు సూరత్‌లో మగ్గం మిల్లులో పనిచేసే మా మావయ్య పంపాడు. నర్సింగ్ చదివిన మేనకోడలు జర్మనీ వెళ్తుందని ఆయన ఆశ. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2, అంటే నాలుగో మెట్టు, కావాలి, ఏ2 అంటే ఇంకా సగం మెట్ల మీదే ఉన్నట్టు. ఆ సంగతి మీ పేజీల్లో లేదు, మావయ్యకి ఫోన్లో చెప్పే ధైర్యం నాకూ లేదు. జర్మన్‌లో 'షుల్డ్' అంటే తప్పు. దాన్ని బహువచనం చేసి 'షుల్డెన్' అంటే అప్పులు. ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడి 'ఎంట్‌షుల్డిగుంగ్' అన్నప్పుడల్లా, తప్పుతో పాటు మావయ్య అప్పు కూడా కాస్త తీసేస్తారేమోనని చూస్తుంటాను.

ఆలస్యం అన్నాను కదా. మీ మొదటి పేజీలో నాలుగో నియమం: ఐదు నిమిషాలు దాటితే ఆలస్యం, మూడు ఆలస్యాలు ఒక గైర్హాజరు. జర్మన్లు గడియారంతో పుట్టి గడియారంతో పోతారని మీ ఉద్దేశం. మరి 2024లో జర్మనీ రైల్వే దూరప్రయాణ రైళ్లలో వేళకి వచ్చినవి 62.5 శాతం. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యమే కాదనుకుంటేనే. మొదటి మెట్టు ఏ1 పరీక్ష పాస్ కావాలంటే నూటికి 60 రావాలి. అంటే జర్మనీ రైలు అత్తెసరు మార్కులతో ఏ1 గట్టెక్కుతుంది గానీ మీ నాలుగో నియమం దగ్గర మాత్రం తప్పిపోతుంది. ఇచ్ఛాపురం నుంచి ప్యాసింజర్‌లో వచ్చే మా బెంచీ అమ్మాయికి మీరు వేసిన రెండు గైర్హాజర్ల విషయంలో ఈ లెక్క పరిశీలించగలరు.

గడియారం మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. రెండో వారం పరీక్ష 'హాల్ప్ నోయ్‌న్'కి అన్నారు. నోయ్‌న్ అంటే తొమ్మిది, హాల్ప్ అంటే సగం. తొమ్మిదిన్నర అనుకుని సగం మందిమి ఇడ్లీలు తిని తీరిగ్గా వచ్చాం. వాళ్ల లెక్కలో అది తొమ్మిదికి సగం దారి, అంటే ఎనిమిదిన్నర. పేపర్లు అప్పటికే కట్ట కట్టేశారు. 'క్లాసులో వివరించిన విషయాలకు విద్యార్థులదే బాధ్యత' అని మీ పదకొండో నియమం. ఆ వివరణ పరీక్ష అయిపోయాక జరిగింది.

ఇంక సెలవులు. డాక్టరు చీటీ ఉంటే తప్ప సెలవు లేదన్నారు. మా ఊళ్లో బుఢీ ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. మీ కోర్సు సరిగ్గా ఆ యాత్ర వచ్చే చైత్రంలో మొదలైంది. అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు వేషం కట్టి ఊరంతా తిరుగుతారు. మా తమ్ముడికి కిందటేడు టైఫాయిడ్ తగ్గినందుకు పులి వేషం మొక్కు. ఒంటికి రంగు పూయడానికే తెల్లవారుజామున నాలుగింటికి కూర్చోబెట్టాలి. పసుపు రంగు ఆరేదాకా కదలకూడదు, వాడేమో దురదగా ఉందని గోల. చారలు దిద్దేది నేనే, ఇంట్లో చెయ్యి వణకనిది నాకొక్కదానికే. సెలవు అర్జీ కూడా జర్మన్‌లోనే రాయాలన్నారు కాబట్టి వచ్చినంతలో రాశాను. 'మైన్ బ్రూడర్ ఇస్ట్ ఐన్ టీగర్.' మా తమ్ముడు పులి. సార్ ఎర్ర ఇంకుతో రాసి తిప్పి పంపారు: 'వ్యాకరణం సరిగ్గా ఉంది. సెలవు లేదు.' నా మోచేతి మీద ఇంకా పసుపు రంగు ఉండగానే ఆ రోజు క్లాసులో కూర్చున్నాను. చారలు మా అమ్మ దిద్దింది. పులి కాదు, జీబ్రా అన్నారు వీధిలో.

హాజరుకి మీరిచ్చే విలువ చూసి నాకో అనుమానం. మేము పరీక్ష రాయాలంటే కోల్‌కతాలోనో చెన్నైలోనో ఉన్న మాక్స్‌ముల్లర్ భవన్‌కి రైలెక్కాలి. ఋగ్వేదం అచ్చు వేయించిన ఆ ముల్లర్ గారు జన్మలో ఒక్కసారి కూడా భారతదేశంలో కాలు పెట్టలేదు. హాజరు సున్నా. ఆయనకేమో భవనాలు, మా ఇచ్ఛాపురం అమ్మాయికేమో గైర్హాజరు.

ఇవన్నీ భరించాను. మీ ఏడో నియమం దగ్గరే నాకు ఒళ్లు మండింది. 'తరగతి గదిలో మాతృభాష నిషేధం. జర్మన్‌లోనే ఆలోచించాలి.' మాట్లాడితే సరే, ఆలోచన కూడానా? దాని అమలుకి సార్ టేబుల్ మీద పాత బిస్కట్ల డబ్బా పెట్టారు. మూతకి కోసిన కన్నం. తెలుగు మాటకి ఐదు రూపాయలు, ఒడియా మాటకీ ఐదే. ఆ విషయంలో మాత్రం మీరు పక్షపాతం చూపించలేదు. మూడో వారానికి నేనొక్కదాన్నే 145 వేశాను. అందులో 35 రూపాయలు 'అబ్బా', 'అయ్యో'లకి పోయాయి.

మే నెల. కరెంటు లేదు. చెమట బొట్లు పుస్తకం మీద పడుతున్నాయి. పాఠం పేరు చలికాలం. మంచు, కోట్లు, చేతి తొడుగులు. చలిగా ఉందని చెప్పమన్నారు సార్. ఇంగ్లీషు మీడియంలో చదివిన అబ్బాయి ఠక్కున 'ఇష్ బిన్ కాల్ట్' అన్నాడు. తెలుగు చెవికి కాల్ట్ అంటే ఏదో కాలినట్టే ఉంటుంది గానీ అర్థం చలి. సార్ తల అడ్డంగా ఊపారు. అలా అంటే మనిషే చల్లని మనసువాడని అర్థం వస్తుందట. ఇంకొకడు, పోనీ ఉన్న సంగతే చెబుదామని, 'ఇష్ బిన్ హైస్' అన్నాడు. వేడిగా ఉంది అని వాడి ఉద్దేశం. సార్‌కి పొలమారింది. దాని అర్థం చెప్పకుండా అటెండెన్స్ రిజిస్టర్ సర్దుకున్నారు. ఇంటికెళ్లి ఫోన్లో చూసుకుని వాడు రెండు రోజులు రాలేదు.

నేను వేళ్లు ముడుచుకుంటూ మెల్లగా, 'నాకు చలిగా ఉంది' అనుకున్నాను. పైకే వినబడింది. సార్ డబ్బా వైపు చూపించారు. ఐదు రూపాయలు వేసి కూర్చున్నాక బోర్డు మీద సరైన జవాబు రాశారు: 'మీర్ ఇస్ట్ కాల్ట్.' మీర్ అంటే నాకు. నాకు చలి! నేను చలి కాదు, నాకు చలి. నేనన్నదీ అదే కదా? దానికే కదా ఐదు రూపాయలు కట్టించుకున్నారు?

ఆ రోజు నుంచి దొంగచాటుగా తెలుగులోనే ఆలోచిస్తున్నాను. 'గెఫెల్ట్ మీర్', నాకు నచ్చింది. 'హెల్ఫ దీర్', నీకు సాయం చేస్తాను. ఇంగ్లీషు మీద నుంచి వచ్చేవాళ్లు 'నిన్ను' సాయం చేస్తున్నారు, మనం మొదటి నుంచీ 'నీకు'లోనే ఉన్నాం. 'వైల్', అంటే ఎందుకంటే, అని మొదలుపెడితే క్రియ వాక్యం చివరికి పోతుందని సార్ అరగంట చెప్పారు. మన క్రియ ఎప్పుడైనా చివర తప్ప ఇంకెక్కడైనా కూర్చుందా? ఇక జెడ్ అక్షరం. 'ట్సుకర్', పంచదార. క్లాసంతా 'జుకర్', 'సుకర్' అని నోరు నొప్పి పెట్టుకుంటోంది. మా మామ్మ పప్పులోకి నెయ్యి వేస్తుంటే 'చాలు, చాలు' అంటుంది చూడండి, ఆ 'చా'లో ఉన్నదే ఆ శబ్దం. బళ్లో నేర్పని 'చ' అది. మామ్మ కోర్సులో చేరితే ఉచ్చారణకి పూర్తి మార్కులు. హాజరు మాత్రం ఉండదు, మోకాళ్ల నొప్పులు.

డేటివ్ అనే విభక్తి చెప్పిన రోజున ఎవరికీ ఎక్కలేదు. సార్ సుద్దముక్క కింద పెట్టి, గుండీ విప్పుకుని, "బుఝిల?" అన్నారు ఒడియాలో. ఎవరూ పలకలేదు. "మన కి, కు లాంటిదే, అర్థమైందా?" అన్నారు తెలుగులో. అందరికీ అర్థమైంది. ఆయనే జేబులోంచి పది రూపాయల నోటు తీసి డబ్బాలో కుక్కారు. సార్ మీద నాకు గౌరవం పెరిగింది గానీ మీ మీద పెరగలేదు.

మీకు ఈ ఊరు కొత్త కాబట్టి చెబుతున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడి గంజాం మద్రాసు నుంచి ఇటు వచ్చినప్పుడు మా ముత్తాత ఇల్లు ఉన్నచోటే ఉంది. వీధి మలుపులో బోర్డు మారింది, అంతే. అమ్మ కూరగాయలు ఒడియాలో బేరమాడుతుంది, లెక్క తెలుగులో కడుతుంది, సీరియల్ హిందీలో చూసి ఏడుస్తుంది. ఏ ఒక్కదానికీ ఎవరూ రెండు పేజీల కాగితం ఇవ్వలేదు.

మా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు రాజా వారి బళ్లో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. పుస్తకం లేదు, ఆ భాషకి అప్పటికి లిపి లేదు. తెలుగు వచ్చిన సవరని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మీ చేతిలో పడితే 'హోరెన్', అంటే విని రాసే పేపరు, దగ్గరే ఆయన తప్పేవారు. తెలుగు గుమ్మం బయట వదిలి రమ్మంటే పంతులు గారూ ఆ సవర ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవారు.

ఇంతకన్నా రాయడానికి టైం లేదు. రేపటికి 'వైల్'తో ఇరవై వాక్యాలు రాయాలి. రాత్రి పదకొండైంది, ఆ 29 గంటల్లో ఈ వారానికి మిగిలింది గంటన్నర.

ఇట్లు,
చిన్నక్షరపు 'నేను',
మూడో బెంచీ, కిటికీ పక్క.

తా.క.: ఈ ఉత్తరం మొత్తం తెలుగులోనే రాశాను. మాటకి ఐదు చొప్పున ఎంతవుతుందో సార్‌ని లెక్కేసి చెప్పమనండి. అమ్మకి అప్పడాల డబ్బులు శుక్రవారం వస్తాయి. చిల్లర లేకపోతే అప్పడాలే డబ్బాలో వేస్తాను, కన్నం కాస్త పెద్దది చేయించండి.