పగుళ్లకు ఆకాశ తనిఖీ

వంతెనలకూ బ్యారేజీలకూ వచ్చే పగుళ్లను ఇకమీదట డ్రోన్లతో తనిఖీ చేయించాలన్న ఆలోచనను మనస్ఫూర్తిగా స్వాగతించవలసిందే. ఇంతకాలం పగులును దగ్గరగా చూడాలంటే ఒక ఇంజినీరు నడుముకు తాడు కట్టుకుని గర్డర్ల (వంతెనను మోసే దూలాల) కిందికి దిగాలి, లేదా పడవెక్కి పియరు (నీటిలోని స్తంభం) దాకా పోయి చిన్న సుత్తితో తట్టి చూడాలి. అంత దగ్గరికి పోయిన మనిషి తాను చూసినదాని కింద సంతకం కూడా పెట్టవలసి వచ్చేది. పాత పద్ధతిలోని అసలు లోపం అదే. డ్రోన్ సంతకం పెట్టదు.

జాతీయ రహదారుల పనులను నెలనెలా డ్రోన్‌తో వీడియో తీసి పోర్టల్‌లో ఉంచాలని జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ 2021లోనే ఆదేశించింది. అదే ఏడాది వచ్చిన డ్రోన్ నిబంధనలు ఆంక్షలు లేని గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదన్నాయి. ఇక చూపు సంగతి. మామూలు పరిస్థితుల్లో కాంక్రీటు మీద 0.3 మిల్లీమీటర్ల వెడల్పు దాకా పగులును కాంక్రీటు నిర్మాణాలకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 456 సహిస్తుంది. అంతకు మించినదాన్ని మంచి కెమెరా దగ్గరగా ఎగిరి పట్టుకోగలదు. సహనంలో మాత్రం మన కార్యాలయాలు ఆ ప్రమాణాన్ని ఏనాడో దాటిపోయాయి.

గిట్టనివారు అడ్డు చెప్పకపోరు. లోపల పొర విడిన కాంక్రీటు సుత్తి దెబ్బకు బోలుగా మోగుతుందనీ, ఆ మోత డ్రోన్‌కు వినపడదనీ అంటారు. థర్మల్ కెమెరా తగిలించి, ఎండ వేళ చూసుకుని ఎగరేస్తే ఆ లోటు కొంత తీరుతుంది. అయినా వారు ఊరుకోక కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ పేరెత్తుతారు. 2019లో ప్రారంభమైన ఆ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరులో కుంగినప్పుడు, పునాది కింది ఇసుక కొట్టుకుపోవడం ఒక ముఖ్య కారణమని జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ ఎన్‌డీఎస్‌ఏ నిపుణులు తేల్చారు. నీటి అడుగున, రాఫ్టు (పునాది పలక) కింద జరిగే ఇసుక ప్రయాణాన్ని ఆకాశం నుంచి చూడమనడం యంత్రం పట్ల అన్యాయం. కుంగిన తరువాత అదే బ్యారేజీని డ్రోన్లు ఎంత చక్కగా చూపించాయో టీవీల ముందు కూర్చున్న మనందరికీ తెలుసు.

పైగా డ్రోన్ వల్ల పాలనలో వేగం పెరుగుతుందనడానికి అక్కడే నిదర్శనం ఉంది. కాళేశ్వరం బ్యారేజీలపై 2024 మార్చిలో వేసిన విచారణ కమిషన్ తన నివేదికను 2025 జులై చివరి రోజున అందించింది. ఈ మధ్యలో, 2024 జులైలో ప్రతిపక్ష నాయకుల పర్యటన సందర్భంగా మేడిగడ్డపై అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేశారన్న ఫిర్యాదుపై కేసు మాత్రం రోజుల్లోనే నమోదైంది. కుంగినదానికంటే ఎగిరినది ముందుగా కంటపడటం సహజమే కదా.

పగులు దొరికిన తరువాత జరిగేది కూడా పద్ధతిగానే జరుగుతుంది. నిరుడు తీసిన ఫొటో పక్కన ఈ ఏటి ఫొటో పెట్టి, చిత్ర నాణ్యత గణనీయంగా మెరుగుపడిందని రాస్తారు. పగులు పొడవు కూడా పెరిగి ఉంటే అది అనుబంధంలోకి పోతుంది. రసాయనం ఎక్కించి ఆ చీలికను పూడ్చే పనికి అంచనా తయారవుతుంది, నిధులు ఉన్నప్పుడు చూద్దామంటారు, ఈలోగా మరోసారి ఎగరవేయడానికి టెండరు పిలుస్తారు.

ఈ ఏర్పాటుకు చిన్న చేర్పు సూచిస్తున్నాను. వంతెన మీద ఎగిరి వచ్చిన డ్రోన్‌ను, బ్యాటరీ మార్చి, ఒక్కసారి కార్యాలయంలోకి కూడా పంపాలి. మరమ్మతు అంచనా ఉన్న ఫైలు ఏ బల్ల మీద ఆగిందో, దాని మీద దుమ్ము ఎన్ని మిల్లీమీటర్లు పేరుకుందో అది కొలిచి చూపాలి. ఇందుకు అనుమతి కోరే దరఖాస్తును ఆ బల్ల దగ్గరే ఇవ్వవలసి ఉంటుంది.