రేడియోకి ఉన్న దారి పాడ్‌కాస్ట్‌కి ఎందుకు లేదు?

తెలుగులో పాత పాటల మీద పాడ్‌కాస్ట్ చేసేవాళ్లు పాట వినిపించకుండానే పాట గురించి మాట్లాడాల్సి వస్తోంది. వినిపిస్తే ఎపిసోడ్ లేపేస్తారని టెన్షన్. ముప్పై సెకన్లలోపు అయితే ఫర్వాలేదన్న మాట ఎక్కడ పుట్టిందో కానీ, మన కాపీరైట్ చట్టంలో ఆ లెక్కే లేదు. విమర్శకు, సమీక్షకు వాడుకోవచ్చని 52వ సెక్షన్ అంటుంది. ఎంత వాడుకోవచ్చో కోర్టుకెక్కితే గానీ తేలదు.

పోనీ పర్మిషన్ అడుగుదామంటే, ఎవరిని అడగాలి? ‘మాయాబజార్’ పాటే తీసుకోండి. 1957 నాటి రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లకు, అంటే 2017 చివరికే తీరిపోయింది. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి సాహిత్యం మీద హక్కు 2031 చివరిదాకా ఉంటుంది. ఘంటసాల కట్టిన బాణీ అయితే 2034 దాకా. ఒక్క పాటకి మూడు హక్కులు, మూడు గడువులు! ఇంకో పాటలో 20 సెకన్ల ముక్క కోసం నేను ఒక ఆడియో కంపెనీకి మూడు మెయిళ్లు పెట్టాను. ‘సినిమాకా, ప్రకటనకా?’ అని అడిగారు. పాడ్‌కాస్ట్‌కి అన్నాక ఉలుకూ పలుకూ లేదు.

అదే రేడియో అయితే? 2012 సవరణతో వచ్చిన 31డి సెక్షన్ కింద ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రాయల్టీ కడితే చాలు, హక్కుదారు కాదనలేడు. ఇంటర్నెట్‌కి ఇది వర్తించదని ఆడియో కంపెనీ టిప్స్‌కీ, పాటల యాప్ వింక్‌కీ మధ్య నడిచిన కేసులో 2019లో బాంబే హైకోర్టు చెప్పేసింది. కోట్లలో వ్యాపారం చేసే ఎఫ్ఎం స్టేషన్‌కి తెరిచిన తలుపు, ఇంట్లో ఒక మైకు పెట్టుకుని మాట్లాడేవాడికి మూసేశారు. ఇది అన్యాయం. చట్టాన్ని మార్చాలి. చిన్న పాడ్‌కాస్ట్‌లకు ఒకే చోట, ఒకే రేటు మీద, మూడు హక్కులూ కలిపి లైసెన్స్ దొరకాలి.

కవుల్ని, సంగీత దర్శకుల్ని దశాబ్దాలు దోచుకున్నారు, గేట్లెత్తేస్తే మళ్లీ అదే జరుగుతుందంటారు కొందరు. ఆ బాధ నిజమే. కానీ ఊరికే ఇమ్మని ఎవరడిగారు? డబ్బు కడతాం, కట్టే కౌంటర్ చూపించమంటున్నాం.

నా దిగులు అసలు వేరే. ఆ పాటలకు వాయించినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల మాటల్ని పాటతో కలిపి దాచుకోకపోతే ఆ చరిత్ర మనకిక దొరకదు. ఓ పెద్దాయన్ని ఇంటర్వ్యూ చేశాను, వయొలిన్ వాయించేవారు. తను వాయించిన బిట్ వినిపించలేనంటే, నోటితోనే రాగం తీసి చూపించారు. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, బాణీ మీద హక్కు దానికీ వర్తిస్తుందని. ఎడిటింగ్‌లో ఆ పన్నెండు సెకన్లూ తీసేశాను.